మోకాలి ఆపరేషన్ తర్వాత రాత్రిళ్లు కాళ్లు నిలవనివ్వకపోతే

మోకాలి కీలు మార్పించుకుని ఇంటికొచ్చినవాళ్లలో కొందరికి పగలంతా బాగానే గడుస్తుంది. వాకర్ పట్టుకుని వసారాలో నడుస్తారు, ఫిజియోథెరపిస్టు చెప్పినన్నిసార్లు మోకాలు వంచుతారు, వచ్చినవాళ్లతో కూర్చుని కబుర్లు చెబుతారు. రాత్రి భోజనమై మంచం మీద నడుం వాల్చాక మొదలవుతుంది అసలు బాధ. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, ఎముకలో దురద పుట్టినట్టు, కాలు కదపకపోతే ఇక ఉండలేనట్టు. కదిపితే నిమిషం నెమ్మది. ఆపితే మళ్లీ మామూలే. "కాళ్లు పీకేస్తన్నాయండి" అని వాళ్లంటే, కోసిన చోట నొప్పి అనుకుని ఇంట్లోవాళ్లు ఇంకో పారాసెటమాల్ ఇస్తారు. దానికి ఇది లొంగదు. తెల్లవారుజామున ఎప్పుడో కునుకు పడుతుంది. పొద్దున్న వ్యాయామాలకు ఓపిక ఉండదు. అలా పది రోజులు గడిస్తే మోకాలు వంగడం వెనకబడుతుంది. ఎంత బాగా చేసిన ఆపరేషనైనా ఇక్కడ దెబ్బతింటుంది.

దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. కొత్త జబ్బేమీ కాదు. 1672లోనే ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ పూర్తిగా వివరించి ఈ పేరు పెట్టాడు. గుర్తుపట్టడానికి స్కానింగులు అక్కర్లేదు. కాళ్లు కదపాలనే ఆగని కోరిక ఉందా? కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతోందా? లేచి నడిస్తే, నడుస్తున్నంతసేపైనా తగ్గుతోందా? సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ముదిరి, పొద్దుటికి సర్దుకుంటోందా? నాలుగింటికీ అవుననే జవాబు వచ్చి, వేరే కారణమేదీ కనపడకపోతే దాదాపు ఇదే. డాక్టరుగారి దగ్గర "నొప్పి" అని ఒక్క మాట అనేసి ఊరుకోకండి. "పడుకుంటే లాగుతుంది, నడిస్తే తగ్గుతుంది, రాత్రిపూటే ఎక్కువ" అని ఈ మూడూ కలిపి చెప్పండి. సర్జన్ చూపు మోకాలి మీద, కుట్ల మీద ఉంటుంది. ఈ మూడు ముక్కలూ విడిగా చెబితే తప్ప ఆయనకు ఇటు ధ్యాస పోదు.

దీనితో కలగాపులగం అయ్యేవి కొన్ని ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్ల అరికాళ్ల మంట పగలూ ఉంటుంది, నడిస్తే పోదు. కండరం పట్టేస్తే పిక్క రాయిలా గట్టిపడి చేతికి తెలుస్తుంది. ఇందులో అలా గట్టిపడదు. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది రక్తం గడ్డ. ఒక్క కాలి పిక్కే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉండి, కదిపినా తగ్గకపోతే అది రెస్ట్‌లెస్ లెగ్స్ అని సరిపెట్టుకోకూడదు, ఆ రోజే డాప్లర్ పరీక్ష (కాలి నరాల్లో రక్తం పారుతోందో లేదో చూసే స్కాన్) చేయించాలి. దానికి తోడు ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే 108కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు. పాదం పైకి ఎత్తలేక వేలాడిపోతుంటే అది నరం దెబ్బ. అదీ వెంటనే సర్జన్‌కు చెప్పాల్సిందే.

ఆపరేషన్ తర్వాతే ఎందుకు?

ఈ జబ్బుకు మూలం మెదడులో ఇనుము తక్కువై, డోపమిన్ అనే రసాయనం పని గాడి తప్పడమని ఇప్పటిదాకా తేలింది. కీలు మార్పిడి ఈ రెండింటినీ కదిలిస్తుంది. రక్తం పోవడంతో ఇనుము పోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే కొన్ని మందులు డోపమిన్‌ను అడ్డుకుంటాయి. పైగా రోజంతా కాలు చాపుకుని కూర్చోవడం, పడుకోవడం. వెన్నులో మత్తు తీసుకున్న కొందరిలో కొన్ని వారాలపాటు కొత్తగా ఈ బాధ మొదలైన దాఖలాలూ ఉన్నాయి. అంతకుముందు నుంచే కొద్దిగా ఉన్నవాళ్లకైతే ఒక్కసారిగా ముదురుతుంది.

ఇనుము లెక్క కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సరిచేయగలిగినది, అందరూ వదిలేసేది ఇదే.

ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. సన్నపాటి పెద్దావిడకు ఒంట్లో 4 లీటర్ల రక్తం ఉందనుకుందాం. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 12 నుంచి 10కి దిగింది. అంటే డెసిలీటరుకు 2 గ్రాములు, 40 డెసిలీటర్లకు 80 గ్రాములు. దానిలోని ఇనుము 270 మిల్లీగ్రాములు పైమాటే. ఇప్పుడు ఒంట్లో నిల్వ చూద్దాం. ఇనుము నిల్వను చూపించేది ఫెరిటిన్ అనే రక్తపరీక్ష. అందులో ఒక పాయింటు ఉంటే నిల్వలో సుమారు 8 మిల్లీగ్రాములు ఉన్నట్టు లెక్క. ఆవిడ ఫెరిటిన్ 30 అయితే నిల్వ 240. పోయిన రక్తాన్ని తిరిగి తయారు చేసుకోవడానికే ఆ నిల్వ చాలదు. కండలోకి ఇంకిన రక్తంలోని ఇనుము కొంత తిరిగొస్తుంది కానీ నెమ్మదిగా వస్తుంది. ఎముక మజ్జ ఉన్నదంతా లాగేసుకుంటుంటే మెదడుకు మిగిలేది ఏముంటుంది?

ఇందులో చిక్కేమిటంటే, ఫెరిటిన్ 30 అనేది ల్యాబు కాగితం మీద మామూలుగానే కనిపిస్తుంది. చాలా ల్యాబుల్లో ఆడవాళ్లకు మామూలు హద్దు 10, 15 దగ్గర నుంచే మొదలవుతుంది. ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్ కూడా 12 ఉంటుంది. "రక్తం బాగానే ఉందండి" అంటారు. రక్తహీనతకు ఆ హద్దు సరిపోతుందేమో, ఈ జబ్బుకు సరిపోదు. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లకు ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే లెక్క) 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వాలని నిద్ర వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫెరిటిన్ 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రలతో లాభం తక్కువ, సెలైన్‌లో ఎక్కించే ఇనుము గురించి ఆలోచించాలి. శాచురేషన్ 45 శాతం దాటితే మాత్రం ఇనుము ఇవ్వకూడదు. అందుకే పరీక్ష లేకుండా మాత్రలు మింగడం తప్పు.

పరీక్ష ఎప్పుడు చేయించాలన్నది ఇంకో చిక్కు. ఆపరేషన్ గాయం వల్ల ఒంట్లో వాపు ఉన్నంతకాలం ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది. కుట్లు తీసేనాటికి ఫెరిటిన్ 120 వచ్చిందంటే నిల్వ ఉన్నట్టు కాదు. తక్కువ వస్తే మాత్రం నిజంగానే తక్కువ. అందుకే ఆపరేషన్‌కు నెలా రెండు నెలల ముందే ఫెరిటిన్, సీరమ్ ఐరన్, టీఐబీసీ (ఈ చివరి రెండింటి నుంచే శాచురేషన్ లెక్కవేస్తారు) చేయించుకుంటే అంత మేలు ఇంకోటి లేదు. అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమండ్రి ఎక్కడి ల్యాబులోనైనా దొరికే పరీక్షలే. పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి. ముందురోజు ఐరన్ మాత్ర వేసుకోకూడదు. వేసుకుంటే సీరమ్ ఐరన్ లెక్క తప్పుతుంది. ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఒంట్లో వాపు ఎంత ఉందో చూపే సీఆర్‌పీ పరీక్ష కూడా కలిపి చేయించుకుంటే, ఫెరిటిన్‌ను ఎంతవరకు నమ్మాలో డాక్టరుకు తెలుస్తుంది.

మాత్రల విషయానికొస్తే, ఎంత మింగామన్నదాని కంటే ఎలా మింగామన్నది ముఖ్యం. ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మందుల షాపుల్లో ఎక్కువగా దొరికే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల్లో 100 ఉంటుంది. రోజుకు ఒకటి, లేదా రోజు విడిచి రోజు ఒకటి చాలు. పూటకొకటి వేసుకుంటే, కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే పదార్థం పెరిగి పేగుల దగ్గరే తలుపు మూసేస్తుంది; మిగిలిన ఇనుము మలబద్ధకం తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఆపరేషన్ వాపు కూడా ఇదే హెప్సిడిన్‌ను పెంచుతుంది కాబట్టి మొదటి వారాల్లో మాత్ర పని మందకొడిగానే ఉంటుంది.

మాత్ర పొద్దున్నే పరగడుపున, సగం నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోవాలి. ఉసిరికాయ రసమైనా సరే. అసలు తప్పు జరిగేది ఇక్కడే: డిశ్చార్జి సంచిలో ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, గ్యాసు మాత్ర మూడూ ఉంటాయి, మూడూ ఒకేసారి కాఫీతో మింగుతారు. కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. కాఫీ టీలు అడ్డుకుంటాయి. పాంటోప్రజోల్ లాంటి గ్యాసు మాత్రలు కడుపులో ఆమ్లం తగ్గించి ఇనుము కరగనివ్వవు. కాల్షియం మధ్యాహ్నం భోజనానికి జరపండి. కాఫీ, పాలు రెండు గంటలు ఆగి తాగండి. నొప్పి మందులు వాడినన్నాళ్లు గ్యాసు మాత్ర అవసరమే కావచ్చు. అవి ఆపాక కూడా నెలల తరబడి కొనసాగించాలా అని మాత్రం డాక్టరును అడగండి.

ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా రావడం మామూలే. కానీ రక్తం పలచబడే మాత్రలు, నొప్పి మాత్రలు కూడా వాడుతున్నప్పుడు తారులా జిగటగా, చెడువాసనతో వస్తే కడుపులో రక్తం కారుతుందేమో చూపించుకోవాలి.

మాత్రలు పడనివాళ్లకు, త్వరగా కావాల్సినవాళ్లకు సెలైన్‌లో ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందు ఉంది. ఒక్క విడతలో 1000 మిల్లీగ్రాముల వరకు ఇస్తారు. అరుదుగా అలర్జీ వస్తుంది కాబట్టి ఆసుపత్రిలోనే తీసుకోవాలి. ఇంటికొచ్చి సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీ చేత వద్దు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఎక్కించరు. ఇది కూడా రాత్రికి రాత్రే పనిచేయదు. కాళ్లలో తేడా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఫెరిటిన్ మళ్లీ చూసేది రెండు మూడు నెలల తర్వాతే.

తిండితో సరిపెడదామంటే, మునగాకు, తోటకూర, నువ్వులు తినడం మంచిదే, మాంసం తినేవాళ్లకు కాలేయం ఇంకా మంచిది. అయితే వాటితో ఫెరిటిన్ 30 నుంచి 75కి ఎక్కాలంటే చాలాకాలం పడుతుంది. బెల్లంలో ఇనుము ఉందని రోజూ బెల్లం ముక్క పెట్టడం వల్ల షుగరు ఉన్నవాళ్లకు అది ఇంకా పెరిగి గాయం మానడం ఆలస్యమవుతుంది తప్ప ఈ బాధకు ఒరిగేదేమీ లేదు.

మందుల సంచి ఒకసారి బోర్లించండి

ఇంట్లో చదువుకున్నవాళ్లెవరైనా ప్రతి మాత్ర అట్ట వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. పైనున్న కంపెనీ పేరుతో పనిలేదు.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, ప్రొమెథజైన్ ఈ జబ్బును రెచ్చగొడతాయి, డోపమిన్‌ను అడ్డుకునేవి కాబట్టి. ఒండాన్‌సెట్రాన్ ఆ పని చేయదు. డోంపెరిడోన్ మెదడులోకి అంతగా వెళ్లదు కాబట్టి కొంత నయం. మన దగ్గర గ్యాసు మాత్రల్లో లెవోసల్పిరైడ్ కలిపి ఇవ్వడం చాలా ఎక్కువ. రాబెప్రజోల్‌తోనో పాంటోప్రజోల్‌తోనో జోడించి ఒకే క్యాప్సూల్‌గా వస్తుంది. అది కూడా డోపమిన్‌ను అడ్డుకునేదే. రోజూ పొద్దున్న "గ్యాసు మాత్రే కదా" అని వేసుకుంటూ రాత్రి కాళ్లతో యుద్ధం చేసేవాళ్లు చాలామందే ఉంటారు. లెవోసల్పిరైడ్ లేని గ్యాసు మాత్ర రాయమంటే డాక్టర్లు రాస్తారు.

జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు, దురద మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, హైడ్రాక్సిజైన్ నిద్ర తెప్పిస్తాయని పేరు. మామూలు మనిషికి తెప్పిస్తాయి కూడా. ఈ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం మనిషికి మగత, కాళ్లకు మెలకువ. నిద్ర పట్టట్లేదంటే ఊళ్లో వేసే ఫెనిరమైన్ ఇంజెక్షన్‌దీ ఇదే కథ. తలతిరుగుడుకు వాడే సిన్నరిజైన్‌నూ ఈ జాబితాలోనే వేయండి.

నరాల నొప్పికని ఇచ్చే మాత్రను ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ప్రీగాబలిన్ ఒక్కటే ఉంటే అది ఈ జబ్బుకు మేలు చేసే మందు. కానీ మన దగ్గర ప్రీగాబలిన్, నార్‌ట్రిప్టిలిన్ కలిపిన మాత్ర బాగా రాస్తారు. నార్‌ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్ కొందరిలో కాళ్ల బాధను పెంచుతాయి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టవుతుంది. ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపేయకండి. దిగులుకు, బీపీకి వాడేవి అసలే ఆపకూడదు. అట్ట తీసుకెళ్లి చూపించి, దీని బదులు ఇంకొకటి ఉందా అని అడగండి.

ఇప్పుడు ట్రమడాల్ సంగతి. ట్రమడాల్, టపెంటడాల్ లాంటి గట్టి నొప్పి మందులు ఈ జబ్బును కూడా అణచి ఉంచుతాయి. అందుకే కొందరికి మొదటి పది రోజులు ఏమీ తెలియదు. కుట్లు తీశాక "ఇక చాలు" అని ఒకేసారి ఆపేస్తారు, ఆ రాత్రి నుంచే కాళ్లు ఎగిరిపడతాయి. మందు ఆపడం వల్ల వచ్చే చికాకు, అణిగి ఉన్న జబ్బు రెండూ కలిసి వస్తాయన్నమాట. దాన్ని చూసి కీలు పాడైందని హడలిపోనక్కర్లేదు. రోజుకు మూడు వేసుకునేవాళ్లు రెండు, తర్వాత రాత్రిపూట ఒకటి, ఆ తర్వాత సగం అన్నట్టు కొన్ని రోజుల్లో మెల్లగా దించే పద్ధతి సర్జన్ చేతే రాయించుకోండి. చివరి వరకు ఉంచేది రాత్రి మాత్ర కావాలి. ప్రీగాబలిన్‌ను దించడం కూడా ఇలాగే.

అర్ధరాత్రి లేవడం

ఈ జబ్బుకు నడకే తక్షణ మందు. కొత్త కీలు పెట్టించుకున్నవాళ్లకు అర్ధరాత్రి నడకే పెద్ద ప్రమాదం. సగం నిద్రలో, మగత మాత్ర ప్రభావంలో, కాలు ఆగక గబుక్కున లేచి పడితే ఎముక విరుగుతుంది. కాబట్టి "లేవొద్దు" అని కట్టడి చేయడం కంటే, లేచేటట్టే ఏర్పాటు చేయడం నయం.

దోమతెర దగ్గర మొదలుపెడదాం. గోదావరి డెల్టాలో దోమతెర లేకుండా పడుకోలేం. దాని అంచు పరుపు కింద దోపి ఉంటుంది. చీకట్లో లాగితే ఊడి నేల మీద కుప్పగా పడుతుంది, వాకర్ కాలు అందులో చిక్కుకుంటుంది. లేచే వైపు అంచు నేల నుంచి జానెడు పైకి ఉండేలా మడిచి, బట్టల క్లిప్పులు నాలుగు పెట్టండి. క్లిప్పు తీస్తే తెర పక్కకు జరగాలి, కిందకు జారకూడదు. కిటికీలకు జాలీ కొట్టించుకోగలిగితే కొన్నాళ్లు దోమతెరే మానేయొచ్చు.

మంచం ఎత్తు, కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనుతూ మోకాళ్లు తుంటి కంటే కాస్త కిందుగా ఉండేంత కావాలి. నులక మంచం వద్దు. నడుమ కుంగిపోయి మోకాలు రాత్రంతా వంగే ఉంటుంది. నేల మీద చాప, బొంత అసలే వద్దు. మంచం ఎత్తు చేయడానికి ఇటుకలు పెడితే కోళ్లు జారతాయి. కోడు కూర్చునేలా గుంట తీసిన చెక్క దిమ్మలు వడ్రంగి చేత చేయించండి. వాకర్ లేచే వైపే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉంటుందో వాకర్ పిడి అంత ఎత్తులో ఉండాలి. కరెంటు పోయినా వెలిగే ఛార్జింగు బల్బు ఒకటి నడిచే దారిలో పెట్టండి. వానాకాలంలో టైల్స్ చెమరుస్తాయి. పడుకునే ముందు పొడిబట్టతో తుడిచి, కాళ్లు తుడుచుకునే పట్టాలన్నీ తీసేయాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి కావాలి.

లేచాక మంచం అంచున కూర్చుని ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఆ సమయంలో పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించాలి. కొన్నిసార్లు దానితోనే సరిపోతుంది, నిలబడాల్సిన పని ఉండదు. కళ్లు తిరగట్లేదని చూసుకుని నిలబడాలి. వాకర్ ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. పాత పెంకుటిళ్లలో గడపలు ఎత్తుగా ఉంటాయి. రాత్రిపూట గడప దాటకుండా ఒకే గదిలో తిరగగలిగితే మేలు. తప్పదంటే ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మూడు నుంచి ఐదు నిమిషాల నడక చాలు. హాయిగా ఉందని అరగంట తిరిగితే పొద్దున మోకాలు వాచి వేడెక్కుతుంది, వ్యాయామం కుదరదు.

పడుకునే చేసేవీ ఉన్నాయి. మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కి తొడ కండరం బిగించి ఐదు సెకన్లు పట్టడం, పదిసార్లు. పొడవాటి తువ్వాలు పాదం కిందుగా వేసి రెండు కొసలూ చేత్తో లాగి పిక్క సాగేలా ఇరవై ముప్పై సెకన్లు ఉంచడం, మూడుసార్లు. అరికాలిని గరుకు తువ్వాలుతో గట్టిగా రుద్దడం. మోకాలి మీద ఐసు ప్యాక్ పలచటి గుడ్డ చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెడితే వాపూ తగ్గుతుంది, ఆ చల్లదనానికి కాళ్ల లాగుడూ కాసేపు మరుగున పడుతుంది. మంచి కాలును గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పెట్టుకోవచ్చు; షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లకు నీళ్ల వేడి ఇంకొకరు చూడాలి. కోసిన కాలును గాయం పూర్తిగా మానేదాకా నీళ్లలో ముంచకూడదు.

నూనె మర్దన గురించి అందరూ అడుగుతారు. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో పిక్కను గట్టిగా పిసకకండి. లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాదాన్ని, అరికాలిని నిమరండి, అంతే. కుట్ల చుట్టుపక్కల నూనె గానీ బామ్ గానీ తగలకూడదు.

ఇంకొకటి. మోకాలి కింద దిండు పెట్టుకుంటే లాగుడు తగ్గినట్టు అనిపిస్తుంది, పెట్టుకోవద్దు. కొన్ని వారాలు అలా పడుకుంటే మోకాలు తిన్నగా చాపుకోవడం రాదు. ఆ దిండేదో మడమ కింద పెట్టండి.

తుంటి కీలు మార్పించుకున్నవాళ్లకు నియమాలు వేరు. వెనక వైపు నుంచి చేసిన ఆపరేషన్ అయితే సర్జన్ చెప్పిన వారాలపాటు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. కాళ్లు లాగుతున్నప్పుడు మనిషి తెలియకుండా చేసేవి ఈ మూడే: ముందుకు వంగి పిక్క పట్టుకోవడం, కాలితో కాలు రుద్దుకోవడం, ముడుచుకోవడం. అందుకే రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, రాత్రంతా జారకుండా మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. లేచేటప్పుడు ముడి చేతికి అందాలి.

సాయంత్రాన్ని సర్దుకోవడం

గట్టి వ్యాయామాలన్నీ సాయంత్రం ఐదు లోపు ముగించాలి. పొద్దుపోయాక ఒళ్లు అలిసేలా చేస్తే కాళ్లు ఇంకా రేగుతాయి. మూడు దాటాక టీ, కాఫీ మానాలి. కల్లు, మందు, చుట్ట ఈ బాధను పెంచుతాయి. ప్రీగాబలిన్, ట్రమడాల్ వాడుతూ తాగితే ఊపిరి మందగించి ప్రాణానికే ముప్పు. కూర్చోక తప్పనప్పుడు బుర్రకు పని పెట్టండి. పదకేళి, పేకాట, కొబ్బరి దింపు లెక్కలు, ఏదైనా సరే. మనసు లీనమైనంతసేపు కాళ్లు తెలియవు. ఉత్తినే టీవీ ముందు కూర్చుంటే ఆ లాభం ఉండదు.

కొబ్బరినీళ్లతో నరాల లాగుడు పోతుందనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అందులో ఉన్న పొటాషియం ఈ జబ్బుకు పనిచేయదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు రోజూ రెండు మూడు బోండాలు తాగడం చేటు కూడా.

ఇవన్నీ చేసినా వారంలో సగం రాత్రులు నిద్ర లేకపోతే మందు వేసుకోవాల్సిందే, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు ముందు వరసలో ఉన్నవి గాబాపెంటిన్, ప్రీగాబలిన్. పెద్ద వయసువాళ్లకు గాబాపెంటిన్ 100 నుంచి 300 మిల్లీగ్రాములు, లేదా ప్రీగాబలిన్ 50 నుంచి 75తో మొదలుపెడతారు. పడుకునే ముందు కాదు, బాధ మొదలయ్యే వేళకు గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువ ఉంటే మోతాదు తగ్గించాలి. తలతిరుగుడు, రెండు కాళ్ల పాదాల్లో వాపు రావచ్చు. ఒకప్పుడు ముందుగా రాసిన ప్రామిపెక్సోల్, రోపినిరోల్‌లను ఇప్పుడు మొదటి మందుగా వద్దంటున్నారు: కొందరిలో ఏడాదో రెండేళ్లో గడిచాక బాధ రాత్రి నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిగి, చేతులకు కూడా పాకుతుంది. అయితే ముందు నుంచీ వాటిమీద ఉన్నవాళ్లు ఆపరేషన్ కోసం ఒక్కసారిగా మానేయకూడదు. మత్తు డాక్టరుకు చెప్పి, వేళ తప్పకుండా వేసుకోవాలి.

చెకప్‌కు వెళ్లే రోజు ప్రయాణం కూడా వీళ్లకు ఒక పరీక్షే. కోనసీమ నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లినా, ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ వెళ్లినా గంటకు పైగా కాలు కదపలేని కూర్చోవడం. పొద్దుటి వేళకే అపాయింట్‌మెంటు అడగండి, ఆ సమయంలో కాళ్లు నెమ్మదిగా ఉంటాయి. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి కూర్చోవాలి. ముప్పావు గంటకోసారి బండి ఆపి దిగి నాలుగడుగులు వేయాలి. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేవాళ్లు మాత్రం పంటు మీద బండి దిగొద్దు; రేకు తడిగా, వాలుగా ఉంటుంది, ఒడ్డు దాటాకే దిగండి.

రెండు మోకాళ్లూ అరిగినవాళ్లు చాలామంది కొన్ని నెలల ఎడంతో రెండోది చేయించుకుంటారు. మొదటిసారి కాళ్లు ఇలా ఇబ్బంది పెట్టి ఉంటే రెండో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఫెరిటిన్, శాచురేషన్ చూపించుకోండి. తక్కువ ఉంటే ఇనుము ఎక్కించుకుని, అది పనిచేయడానికి నెలన్నర గడువిచ్చి అప్పుడు తేదీ పెట్టించుకోండి. ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో "రెస్ట్‌లెస్ లెగ్స్ ఉంది. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, ప్రొమెథజైన్, ఫెనిరమైన్, లెవోసల్పిరైడ్ ఇవ్వొద్దు. వాంతులకు ఒండాన్‌సెట్రాన్" అని రాసి, ఒక కాపీ మత్తు డాక్టరుకు ఇచ్చి, ఇంకోటి కేసు షీటుకు పిన్ను చేయించండి. రాత్రి డ్యూటీ సిస్టరు చూసేది ఆ షీటునే.